జండా కర్రలు

రంగులు చెప్పను.
పెనుమూరు రోడ్డు మీద మా ఊరి మలుపులో
మూడు దిమ్మెలు, మూడు కర్రలు.
కర్రలని అంటాం గానీ అన్నీ ఇనప పైపులే,
పాతికడుగులవి.
వాటిల్లో ఒకటి నేను పాతిందే.
ఆ పొద్దు సిమెంటు కలిపిన చేతులతోనే
మైకు పట్టుకుని గంటన్నర మాట్లాడినా.
జనం పదకొండు మంది. అందులో ఇద్దరు పోలీసులు.

పంతొమ్మిదేళ్ళు మాట్లాడినా.
చరిత్ర ఎటు పోతా ఉందో నాకు తెలుసు.
మా చెరుకు కయ్యలోకి నీళ్ళు ఎటునుంచి మళ్ళించాలో
మా యమ్మకు తెలుసు.

ఈ ఎండల్లో ఊరి బోరు మోటారు కాలిపాయ,
ఆరువందల అడుగుల కింద,
ఎవురి మైకూ వినపడని చోట.
అర్జీ రాసింది నేనే. మంచి భాష.
ఒకాయన వచ్చే ఎన్నికలు కానీ అన్నాడు.
ఒకాయన పోయిన ఎన్నికల్లో
మీ ఊళ్ళో మాకెన్ని పడినాయని అడిగినాడు.
మావోడు, నా సొంతోడు,
ఇది మోటారు సమస్య కాదు, వ్యవస్థ సమస్య అన్నాడు.
నిజమే అనుకుంటా బస్సెక్కినా.
ఇంటికొస్తే బిందెలు బోర్లించి ఉండాయి.

చెంగమ్మ ఏమీ అనలేదు. మేకను అమ్మింది.
చీటీ పుస్తకం వెనకట్ట మీద పేర్లు రాసింది:
దొరసామి వెయ్యి,
కుప్పమ్మ రెండు నూర్లు,
ఖాదర్‌వలీ చైను కప్పి.
నా పేరు ముందర సున్న చుట్టి పెట్టి
"నువ్వేమిస్తావు నాయినా?" అనె.
లారీవాడు ఆరు వేలు అడిగినాడు.
కప్పి ఉంది, లాగే చేతులుండాయి,
కప్పి తగిలించేదానికి మూడు కాళ్ళు లేవు.

ఆమె మలుపు దిక్కు చూసింది.
నేనూ చూసినా.

రాత్రి రెండు గంటలకు దిమ్మెలు పగలగొట్టినాం.
నాది చివర్న అన్నా.
నీదే మొదట అనె చెంగమ్మ.
గుడ్డలు విప్పి, దులిపి, మడిచి
మూడూ ఒకే గోతాములో పెట్టింది.

తెల్లారి మూడు తలలూ కలిపి గొలుసు బిగించినాం.
ఒక కాలు జారితే అందరమూ పోతామబ్బా అని
దొరసామి అరస్తానే ఉండాడు.
ఏ కాలు ఎవురిదో ఎవురూ అడగలా.
పైపు వచ్చినప్పుడల్లా ఒక గులకరాయి,
చెంగమ్మ లెక్క.
ముప్పయ్యో రాయికి
బురద కారతా, అడ్డం తిరిగిన దూడ మాదిరి
మోటారు బయటపడె.

పాకాలలో తీగ చుట్టేవాని పక్కన
మూడు దినాలు కూర్చుని నేర్చుకున్నా.
రాగి చుట్లు లెక్కపెట్టాల,
మాట్లాడితే లెక్క తప్పుతుంది.
అంతసేపు నోరు మూసుకోవడం
నా బతుకులో అదే మొదలు.

మా మాస్టారు చిత్తూరు నుంచి వచ్చి
ఖాళీ దిమ్మె చూసి, రాజీ పడినావా అన్నాడు.
కాఫీ ఇచ్చినా, బోరు నీళ్ళతో కాచింది.
ఆయన మాట పూర్తిగా తప్పు కాదు.
ఆ కరెంటు స్తంభాలు వాటంతటవి నడిచి రాలేదు,
ఎవురో రోడ్డు మీద కూర్చుంటే వచ్చినాయి.
ఆ పొద్దు నేనూ కూర్చున్నా, మోకాళ్ళకు ఇంకా గుర్తే.
కూర్చోవడం నాకు వచ్చు సార్.
లేవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటా ఉండా.
ఆయన గ్లాసు కడిగి బోర్లించి పోయినాడు.
మళ్ళీ వస్తాడో లేదో తెలీదు.

ముగ్గురూ మనుషుల్ని పంపినారు కర్రల కోసరం.
చెంగమ్మ గోతాం విప్పి
ఎవురి గుడ్డ వాళ్ళకిచ్చి పంపింది.

చీటీ పుస్తకంలో కొత్త పేజీ, నా చేతిరాత:
కర్రలు మూడు, కప్పి ఒకటి.
గుండ్లపల్లె గంగులప్ప బోరు కాడికి పోయినాయి.
బాడుగ లేదు.
ఆదివారం పొద్దుగూకే లోపల
కడిగి తెచ్చియ్యాల.